విద్యా స్వాతంత్ర్యానికి పాటుపడిన పండిత రమాబాయి
(1858 – 1922)

శతవార్షికోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభ సమయములో మన పాఠశాలలను, బాలికల వసతి గృహాలను తలంచుకొనకుండా ఉండలేము. మన తల్లులు, అమ్మమ్మలు అనేకులు వాటి గడప తొక్కి అక్షరాలు దిద్దుకొన్నవారే. అందుకు దేవునికి కృతజ్ఞులమై యున్నాము. అయితే చదువు చెప్పడము ఒక ఎత్తు; చదువుకొనే ఆడపిల్లకు తన బుద్ధితో తాను ఆలోచించుకొని, తన మార్గమును తాను ఎంచుకొనే స్వేచ్ఛ నివ్వడము మరొక ఎత్తు. ఈ రెండవ దాని కోసము జీవితమంతా పోరాడిన ధన్యురాలు పండిత రమాబాయి గారు. సనాతనులతోను, సంస్కర్తలతోను, చివరకు తనను ఆదరించిన సంఘ పెద్దలతోను ఆమె ఈ ఒక్క విషయము మీదనే తగవు పడవలసి వచ్చింది. ఆమె కథను మన యువతీ యువకులు తెలిసికొనుట మేలని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

అడవిలో వెలిగిన దీపము

రమాబాయి గారి తండ్రి అనంత శాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత విద్వాంసులు. ఆయన యౌవనములో పూనాలో చదువుకొనుచుండగా, ఆయన గురువు పీష్వా గారి ఇంటి స్త్రీకి సంస్కృతము చెప్పుట చూచారు. ఆడవారికి కూడ ఈ విద్య పట్టుబడుతుందా అని ఆశ్చర్యపడి, తన భార్యకు కూడ నేర్పవలెనని సంకల్పించారు. ఇంట్లో పెద్దలు పడనివ్వలేదు. ఆ భార్య గతించిన తరువాత తీర్థయాత్రలో గోదావరి తీరాన పైఠన్‌లో లక్ష్మీబాయిని వివాహమాడారు. అప్పటికి ఆమెకు తొమ్మిదేండ్లు, ఆయనకు నలుబది దాటినవి. నేడు మనకు ఆ పెండ్లి బాధ కలిగిస్తుంది. ఆనాడు ఊరివారికి తప్పుగా తోచినది మాత్రము వేరొకటి. ఆయన ఆ పిల్లకు సంస్కృతము చెప్పనారంభించడమే వారు సహించలేకపోయారు. ఉడిపిలో పండిత సభ ఎదుట నిలువబడి, స్త్రీలకు చదువు చెప్పుట శాస్త్ర విరుద్ధము కాదని ఆయన వాదించవలసి వచ్చింది.

ఊరిలో పోరు పడలేక ఆయన పడమటి కనుమలలో గంగామూల అనే అడవికి వెళ్లి కాపురము పెట్టారు. తుంగా, భద్రా నదులు పుట్టే చోటు అది. అక్కడనే 1858వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీన రమాబాయి గారు జన్మించారు. వచ్చే పోయే అతిథులకు, విద్యార్థులకు అన్నము పెట్టి పెట్టి ఆస్తి కరిగిపోగా, ఆరు నెలల పసికందును వెదురు బుట్టలో పెట్టి ఒక మనిషి నెత్తిన ఎత్తి, ఆ కుటుంబము యాత్రలకు బయలుదేరింది. నాటి నుండి వారికి స్థిరమైన ఇల్లు లేదు. గుడి మండపాలలో కూర్చుండి పురాణము చదవడము, భక్తులు ఇచ్చిన దానితో పొట్ట పోసుకొనడము, ఇదే వారి జీవనము.

ఈ సంచారములోనే రమాబాయి గారికి చదువు అబ్బింది. తండ్రి వృద్ధులైనందున తల్లియే గురువైనది. తెల్లవారుజామున, ఇంకను చీకటి ఉండగానే తల్లి బిడ్డను లేపి ఒడిలో కూర్చుండబెట్టుకొని శ్లోకాలు వల్లె వేయించేది. పగలంతా ఇంటి పని, దారి నడక. కాబట్టి ఆ వేకువ గంటలే వారి బడి. పన్నెండేండ్లు వచ్చేసరికి ఆ బాలికకు పురాణములలో సుమారు 18,000 శ్లోకాలు కంఠస్థమైనవని చెప్పుదురు. తిరిగిన చోట్లనెల్లా ఆయా భాషలు కూడ ఆమెకు వచ్చినవి.

పెద్ద కుమార్తెకు చిన్ననాటనే పెండ్లి చేసి, అల్లునికి చదువు చెప్పించవలెనని తండ్రి ఆశించారు. ఆ అబ్బాయికి చదువు పట్టలేదు. ఆ సంబంధము కుటుంబానికి తీరని దుఃఖమే మిగిల్చింది. అందుచేత చిన్న కుమార్తెకు బాల్యములో పెండ్లి చేయక విడిచిపెట్టారు. ఆ రోజులలో ఇది సామాన్యమైన తెగువ కాదు.

తిరుపతి అడవులలో

ఈ కుటుంబ చరిత్రలో మన తెలుగు దేశానికి సంబంధించిన ఒక కన్నీటి ఘట్టము ఉన్నది. దక్షిణ దేశములో కరువు వచ్చింది. కూలి పనికి పోవడానికి పండిత కుటుంబానికి పరువు అడ్డము. బిచ్చమెత్తడానికి నోరు రాదు. ఉన్న నగలు, గిన్నెలు అమ్ముకొని తిని, చివరి గింజ కూడ అయిపోయిన తరువాత వారు తిరుపతి కొండల అడవిలో ప్రవేశించారు. పదకొండు దినములు ఆకులు, అడవి కాయలు తిని బ్రతికారు. 1874లో తండ్రి కన్ను మూశారు. కొద్ది వారాలలోనే రాయచూరులో తల్లి కూడ గతించింది. తల్లి పాడె మోయడానికి మనుషులు చాలక, కుమార్తె కూడ ఒక కొమ్ము పట్టవలసి వచ్చింది. మరుసటి ఏట అక్కగారు కలరాతో పోయారు. అన్న శ్రీనివాసుడు, చెల్లెలు రమ మిగిలిరి. ఇద్దరును దేశమంతట కాలినడకన తిరిగారు. అట్లు నడిచినది నాలుగు వేల మైళ్లకు పైబడి ఉండునని ఆమె తరువాత చెప్పుకొన్నారు.

1878లో వీరు కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఇరువది యేండ్ల ఈ యువతిని పరీక్షించి, ఆశ్చర్యపడి, పండిత అనియు, సరస్వతి అనియు బిరుదులిచ్చారు. స్త్రీల ధర్మమును గూర్చి ఉపన్యసించుమని అడిగినప్పుడు ఆమె ధర్మశాస్త్రాలను స్వయముగా పరిశీలింప మొదలుపెట్టారు. అంతకు ముందు వల్లె వేసిన చదువు వేరు. ఇప్పుడు అర్థము అడుగుచు చేసే చదువు వేరు. స్త్రీలను, శూద్రులను గూర్చి వాటిలో వ్రాసి ఉన్న కఠినమైన మాటలు ఆమె మనస్సును కలచివేసినవి. బ్రహ్మసమాజ నాయకులు కేశవ చంద్ర సేన్ గారు వేద గ్రంథమును ఆమె చేతికిచ్చి చదువుమన్నారు. స్త్రీలు చదువరాదన్న గ్రంథమది. కొంత జంకి, తరువాత చదివారు. చదువరాదన్న దానిని చదివి, తానే తీర్పు చేసుకొనుట ఆమెకు అక్కడ అలవాటైనది.

1880లో అన్న మరణించారు. ఆ ఏడు నవంబరులో ఆమె బిపిన్ బిహారీ దాస్ మేధావి అనే బెంగాలీ న్యాయవాదిని రిజిస్టరు వివాహము చేసుకొన్నారు. ఆయన వేరే కులస్థులు. 1881 ఏప్రిల్‌లో మనోరమ పుట్టింది. 1882 ఫిబ్రవరిలో భర్త కలరాతో మరణించారు. ఇరువది నాలుగేండ్లు నిండక ముందే, ఒడిలో బిడ్డతో ఆమె విధవరాలైనది.

హంటర్ కమీషను ఎదుట

ఆమె పూనా వచ్చి ఆర్య మహిళా సమాజమును స్థాపించారు. 1882లో హంటర్ దొరగారి అధ్యక్షతన వచ్చిన విద్యా కమీషను ఎదుట సాక్ష్యమిచ్చారు. ఆడపిల్లల బడులకు ఆడ ఉపాధ్యాయులు, ఆడ తనిఖీదారులు కావలెననియు, మన స్త్రీలు వైద్యము చదువుకొనే వీలు కల్పించవలెననియు కోరారు. మగ వైద్యునికి చూపించుకొనలేక సిగ్గుతో ప్రాణాలు విడిచే స్త్రీలు ఎందరో ఉన్నారని ఆమె విన్నవించారు. మన రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు మొదటి వితంతు వివాహము జరిపించి అప్పటికి ఏడాదియైనను కాలేదు. దేశములో గాలి మారుచున్న కాలమది. అయితే పంతులు గారివంటి మహనీయులు స్త్రీల పక్షమున మాట్లాడుచుండగా, ఇక్కడ ఒక స్త్రీయే తన పక్షమున తాను మాట్లాడినది.

తానే వైద్యము చదువవలెనని ఆమె కోరిక. స్త్రీ ధర్మ నీతి అను మరాఠీ పుస్తకము వ్రాసి, అది అమ్మిన డబ్బుతో ఓడ టిక్కెట్టు కొనుక్కొని 1883లో ఇంగ్లాండు వెళ్లారు. వాంటేజ్‌లోని ఆంగ్లికన్ సహోదరీల మఠములో దిగి, తిన్న అన్నానికి బదులుగా ఇండియాకు రాబోవు సహోదరీలకు మరాఠీ నేర్పారు. చెవుడు ప్రారంభమైనందున వైద్య విద్య ఆశ వదులుకొనవలసి వచ్చింది. ఆ సంవత్సరము సెప్టెంబరు 29న తల్లీబిడ్డలు బాప్తిస్మము పొందారు. తరువాత చెల్టెన్‌హామ్ లేడీస్ కాలేజీలో ఆమె సంస్కృతము చెప్పుచు, ఇంగ్లీషు, గణితము, ప్రకృతి శాస్త్రము చదువుకొన్నారు.

సంఘములోను మనస్సాక్షి

ఇక్కడ మన సంఘస్థులు జాగ్రత్తగా గమనింపవలసిన సంగతి ఒకటి ఉన్నది. బాప్తిస్మము పొందినంత మాత్రాన ఆమె ఆలోచించుట మానలేదు. త్రిత్వమును గూర్చి, విశ్వాస ప్రమాణములను గూర్చి తనకు తెలియని దానిని తెలిసినట్లు ఒప్పుకొననన్నారు. తనకు ఆత్మీయ తల్లివంటి సిస్టర్ జెరాల్డిన్ గారితో ఉత్తరాల ద్వారా చాలా కాలము వాదించారు. విధేయత నేర్చుకొమ్మని ఆమె కోరగా, దేవుడిచ్చిన మనస్సాక్షిని మరొకరి చేతిలో పెట్టజాలనని రమాబాయి గారి సమాధానము. ఇంగ్లాండులో మగ విద్యార్థులకు పాఠము చెప్పే అవకాశము రాగా, ఇండియాలో పనిచేసే బిషప్పులు అది తగదని అడ్డుపడ్డారు. మన దేశములో పురుషుల సభలలోనే నిర్భయముగా మాట్లాడిన నాకు ఇక్కడ ఈ ఆంక్ష ఏమని ఆమె చాలా నొచ్చుకొన్నారు. మనోరమకు ఏమి నేర్పవలెనో నిర్ణయించే హక్కు కూడ తల్లిగా తనదేనని పట్టుపట్టారు.

సిస్టర్ జెరాల్డిన్ గారు చెడ్డవారు కారు. ఆమె ప్రేమ నిజమైనదే. కష్టకాలములో మనోరమను కన్నబిడ్డవలె సాకినది ఆమెయే. కాని ప్రేమించేవారు కూడ మన పక్షమున నిర్ణయాలు చేయబూనుదురు. ఆ ప్రేమను కాదనకుండా ఆ నిర్ణయాన్ని కాదనుట చాలా కష్టము. రమాబాయి గారు ఆ కష్టమైన పనిని చేశారు. వారిద్దరి స్నేహము మాత్రము చివరివరకు తెగలేదు.

శారదా సదనము

1886లో, తన బంధువైన ఆనందీబాయి జోషీ గారు వైద్య పట్టా పుచ్చుకొనుట చూడడానికి రమాబాయి గారు ఫిలడెల్ఫియా వెళ్లారు. కొద్ది కాలము ఉండవలెనని వెళ్లినవారు రెండేండ్లకు పైగా అమెరికాలో ఉండిపోయారు. పసిపిల్లలకు ఆటపాటలతో నేర్పే కిండర్‌గార్టెన్ పద్ధతి ఆమెను ఆకర్షించింది. దానిని శ్రద్ధగా అభ్యసించి, మరాఠీ వాచకాలు తయారు చేసుకొన్నారు. మన దేశ వితంతువుల స్థితిని గూర్చి ది హై కాస్ట్ హిందూ ఉమన్ అను గ్రంథమును 1887లో ప్రకటించారు. ఆ ఏడాది చివర బోస్టనులో రమాబాయి అసోసియేషన్ ఏర్పడి, ఆమె తలపెట్టిన విద్యాలయానికి పదేండ్లు సహాయము చేయుదుమని మాట ఇచ్చింది.

1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదనము తెరువబడింది. మొదట ఉన్న విద్యార్థినులు ఇద్దరే. వారిలో ఒకరు గోదూబాయి అను బాల వితంతువు. ఈమెనే తరువాత ధోండో కేశవ కర్వే గారు వివాహమాడారు. ఆ కర్వే గారే పూనాలో వితంతువులకు ఆశ్రమమును, 1916లో మహిళా విశ్వవిద్యాలయమును స్థాపించారు.

శారదా సదనపు నియమాలు చూడండి. మత బోధ పాఠములలో చేర్చలేదు. ఏ పిల్ల ఆచారము ఆ పిల్లది. మడి పాటించేవారికి వంట, నీళ్లు వారి పద్ధతి ప్రకారమే. గ్రంథాలయములో హిందూ గ్రంథాలు, బైబిలు ఒకే చోట ఉండేవి. ఏది కావలెనన్నను తీసికొని చదువుకొనవచ్చును. గుండు గీయించి మూల కూర్చుండబెట్టబడిన బాల వితంతువులు ఇక్కడ జుట్టు పెంచుకొన్నారు, ఆడుకొన్నారు, తోటలో తిరిగారు, పేరు పెట్టి పిలువబడ్డారు. రానడే, భండార్కర్ వంటి పెద్దలు సలహా సంఘములో చేరి అండగా నిలిచారు. 1890లో సదనము పూనాకు మారింది.

తెరిచి ఉంచిన తలుపు

అక్కడనే గొడవ వచ్చింది. రమాబాయి గారు ప్రతిదినము తన గదిలో కుమార్తెతో కలిసి ప్రార్థన చేసుకొనేవారు. తలుపు వేసుకొనే అలవాటు లేదు. కొందరు పిల్లలు తమంతట తామే వచ్చి కూర్చుండ మొదలుపెట్టారు. ఆమె రమ్మని పిలువలేదు, పొమ్మని తరుమలేదు. ఈ సంగతి బయటికి పొక్కి పత్రికలలో పెద్ద దుమారము లేచింది. తిలక్ గారి కేసరి పత్రిక తీవ్రముగా విమర్శించింది. మత బోధ లేదని నమ్మబలికి పిల్లలను క్రైస్తవులుగా మార్చుచున్నారని నింద వచ్చింది. సలహా సంఘము వారు ఆ పిల్లలను ప్రార్థనకు రానివ్వవద్దని కోరారు. ఆమె ఒప్పుకొనలేదు. ఒక హిందూ బాలిక తన పూజ తాను చేసుకొనుటకు ఎంత స్వేచ్ఛ ఉన్నదో, మరొక బాలిక వచ్చి ప్రార్థనలో కూర్చుండుటకును అంత స్వేచ్ఛ ఉన్నదని ఆమె వాదన. 1893లో సలహా సంఘ సభ్యులు రాజీనామా చేశారు. ఇరువది మందికి పైగా బాలికలను సంరక్షకులు తీసికొనిపోయారు.

ఇందులో అవతలివారి బాధ కూడ మనము న్యాయముగా తలంచవలెను. తల్లిదండ్రులు ఒక నమ్మకముతో పిల్లలను అప్పగించారు. అన్నము పెట్టి, ఆదరించి, తల్లివలె చూచుకొనే వ్యక్తి ప్రార్థించుచుండగా పసిపిల్ల వచ్చి కూర్చుంటే, అది పూర్తిగా ఆ పిల్ల ఎంపికయేనా, లేక ప్రేమకు లొంగిపోవుటయా? రానడే వంటి సాధు పురుషుడు ఊరకనే తప్పుకొనలేదు. ఈ ప్రశ్న ఆనాటితో తీరిపోయినది కాదు. పిల్లలను పెంచే ప్రతి సంస్థయు, మన సంస్థలతో సహా, దీనిని తన్ను తాను అడుగుకొనవలసినదే. రమాబాయి గారు దానికి ఇచ్చుకొన్న జవాబు ఇది: తన విశ్వాసమును దాచిపెట్టి బ్రతుకుటయు అబద్ధమే, బలవంతముగా రుద్దుటయు పాపమే, కాబట్టి తలుపు తెరిచి ఉంచెదను. ఆ జవాబుకు ఆమె చెల్లించిన ధర తక్కువది కాదు. ఎన్నో ఏండ్లు కష్టపడి సంపాదించుకొన్న స్నేహితులు ఒక్కసారిగా దూరమయ్యారు. తీసికొనిపోబడిన పిల్లలలో కొందరికి చదువు అక్కడితో ఆగిపోయి ఉండుననే దుఃఖము సరేసరి.

ముక్తి

1896–97లో మధ్య పరగణాలలో ఘోరమైన కరువు వచ్చింది. తిరుపతి అడవిలో ఆకులు తిన్న దినములు ఆమెకు జ్ఞాపకము వచ్చినవి. స్వయముగా వెళ్లి అనాథ బాలికలను, వితంతువులను మూడు వందల మంది దాక తెచ్చుకొన్నారు. పూనాకు కొద్ది దూరములో కేడ్‌గావ్ వద్ద కొన్న నూరెకరాల భూమిలో వారికి నీడ కల్పించారు. అదే ముక్తి సదనము. 1900 నాటి గుజరాతు కరువు తరువాత అక్కడ ఉన్నవారు రెండు వేలకు దగ్గరైనారు. శారదా సదనము అగ్రకుల వితంతువుల కోసము పుట్టినది. ముక్తిలో ఏ కులమువారైనను ఒకే పంక్తిలో కూర్చుండిరి. ఇది దాపరికము లేని క్రైస్తవ సంస్థ.

ఇక్కడ ఆమె విద్యా పద్ధతిని గమనింపవలెను. అందరికీ అక్షరాలు, ఆ తరువాత ఎవరి శక్తికి, ఇష్టానికి తగిన పని వారికి. చదువులో చురుకైనవారు ఉపాధ్యాయినులైరి. మిగిలినవారు నేత, కుట్టు, పాడి, నూనె గానుగ, తోట పని, వంట, రోగుల పరిచర్య నేర్చుకొన్నారు. అచ్చుయంత్రమును ఆడవారే నడిపారు. అక్షరాలు కూర్చుట, అచ్చు వేయుట, పుస్తకము కుట్టుట అన్నియు వారే. అంధులకు బర్తిమయి సదనము కట్టించి, మనోరమ గారి సహాయముతో బ్రెయిలీ నేర్పించారు. తన చేతులతో తాను సంపాదించుకొనలేని స్త్రీకి స్వేచ్ఛ అన్నమాట వట్టిదని ఆమెకు అనుభవము చెప్పింది. 1912 ప్రాంతములో నాటి నిజాం రాజ్యములోని గుల్బర్గాలో కూడ పాఠశాల స్థాపింపబడి, మనోరమ గారు దాని భారము వహించారు.

కడపటి సంవత్సరాలలో ఆమె బైబిలును మరాఠీలోనికి మార్చుటకు పూనుకొన్నారు. మరాఠీ బైబిలు అప్పటికే ఉన్నది గాని, దాని భాష చదువు తక్కువ స్త్రీలకు అందేది కాదు. గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకొని, పల్లెటూరి స్త్రీ కూడ ఎవరినీ అడుగకుండ తానే చదివి గ్రహించుకొనగల తేట మాటలలో వ్రాశారు. గొప్ప సంస్కృత పండితురాలు సంస్కృత సమాసాలను కావలెనని విడిచిపెట్టుట సామాన్యమైన త్యాగము కాదు. మధ్యవర్తి లేకుండ చదువుకొనే హక్కు, ఆమె తల్లికి అడవికి పోతేగాని దొరకని హక్కు, అందరికీ దొరకవలెనని ఆమె తపన.

1919లో ప్రభుత్వము ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకమిచ్చింది. 1921 జూలైలో మనోరమ గారు తల్లి కన్న ముందే ప్రభువునందు నిద్రించారు. ఆ దెబ్బను కూడ ఓర్చుకొని అనువాదపు పని ముగించి, 1922 ఏప్రిల్ 5వ తేదీన రమాబాయి గారు పరమపదించారు. సంపూర్ణ బైబిలు 1924లో వెలువడింది. కేడ్‌గావ్‌లో ముక్తి మిషను నేటికిని స్త్రీలకు, పిల్లలకు ఆశ్రయమిచ్చుచున్నది.

మనకు పాఠము

నూరేండ్ల పండుగ నాడు మనము మన బడుల లెక్కలు, హాస్టళ్ల లెక్కలు చెప్పుకొనుట సహజమే. రమాబాయి గారు మన మధ్యకు వస్తే ఆ లెక్కలతో పాటు మరికొన్ని ప్రశ్నలు అడుగుదురేమో. పదవ తరగతి ముగించిన అమ్మాయి ఏ గ్రూపు చదువవలెనో ఆమెను అడిగినవారు ఎవరు? ఇంజనీరింగు ఇష్టము లేదు, సంగీతము నేర్చుకొందును, నర్సింగుకు పోదును అన్న బిడ్డ మాటను ఇంట్లో వినిపించుకొన్నారా? సండే స్కూలులో ప్రశ్న అడిగిన కుర్రవానికి జవాబు దొరికినదా, చీవాట్లు దొరికినవా? విశ్వాసము తనంతట తాను ఎంచుకొనే వ్యవధి మన పిల్లలకు ఇచ్చుచున్నామా?

ఒక తండ్రి ఊరిని ఎదిరించి భార్యకు చదువు చెప్పారు. ఆ తల్లి చీకటిలో లేచి బిడ్డకు చెప్పింది. ఆ బిడ్డ వేలమందికి చెప్పింది. మన ఇండ్లలోను, బడులలోను ఆ తలుపు తెరిచి ఉంచవలసినవారము మనమే. లోనికి రావలెనో వద్దో బిడ్డలు తేల్చుకొందురు.